మూకుడులో ఐసు కోసం: కోనసీమ చలికాలం ప్రాజెక్టు డైరీ

కార్తీకం వెళ్లాక

ఫ్రిజ్ లేకుండా, కరెంటు లేకుండా, కోనసీమలో రాత్రిపూట ఆరుబయట పెట్టిన నీళ్లు గడ్డకట్టాలి. ఈ చలికాలం మా ప్రాజెక్టు ఇదే.

చేసేది నలుగురం. నేను, ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు, వాడి క్లాస్‌మేట్ ఒకడు, చేను ఇచ్చిన మా బాబాయి. ఐదో మనిషి న్యూజెర్సీలో ఉంది, మేనల్లుడి అక్క. వాతావరణం పిచ్చి మా ఇంట్లో అందరికీ ఉంది కానీ ఆ అమ్మాయికి ఇంకాస్త ఎక్కువ. డిసెంబర్ వస్తే చాలు, "మావయ్యా, ఈసారి స్నో పడుతుందా, వానైపోతుందా?" అని మ్యాపులు పంపుతుంది. వాళ్ల ఊరు సముద్రానికి దగ్గర. తీరం వెంబడి నార్ ఈస్టర్ అనే తుఫాను ఎక్కి వచ్చినప్పుడు, నేల మీద చలి ఎంత ఉన్నా, కిలోమీటరున్నర ఎత్తులో సముద్రం మీది వెచ్చటి గాలి చొరబడితే స్నో కాస్తా వానైపోతుంది. పై గాలిలో ఒకటి రెండు డిగ్రీల తేడా చాలు. వానకీ స్నోకీ మధ్య గీత వాళ్ల ఇంటి మీదుగా అటూ ఇటూ ఊగుతుంటే, ఆ పిల్ల నిద్ర మానుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది.

మాకు ఆ టెన్షన్ లేదు. స్నో రేకు ఆకాశంలో పుట్టి నేల దాకా కరగకుండా రావాలంటే, దారి పొడుగునా గాలి సున్నా దగ్గరలోనో, అంతకంటే కిందో ఉండాలి. మన ఆంధ్ర తీరం మీద నడి చలికాలంలో కూడా ఆ సున్నా డిగ్రీల మట్టం నాలుగైదు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడినుంచి కిందకి దిగే లోపల ఏ రేకైనా చినుకైపోతుంది. పైగా చలి బాగా పట్టే రోజుల్లో మనకి ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మబ్బే ఉండదు. కాబట్టి స్నో సంగతి వదిలేశాం.

ఐసు సంగతి వేరు. నేల మీద పెట్టిన వస్తువు, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా అవ్వగలదు. తెల్లవారుజామున మోటార్‌సైకిల్ సీటు మీద చెయ్యి పెడితే ఎవరికైనా తెలుస్తుంది. మబ్బు లేని రాత్రి ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనపడని కిరణాలుగా పైకి వదిలేస్తుంది. ఎనిమిది నుంచి పదమూడు మైక్రాన్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉండే కిరణాలని గాలి పెద్దగా అడ్డుకోదు. అవి నేరుగా అంతరిక్షంలోకి పోతాయి. పోయినంత వేడి తిరిగి రాదు.

దీన్ని వాడుకుని ఐసు చేసినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు సైన్యాధికారి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ పద్ధతి రాశాడు. అలహాబాదు ప్రాంతంలో మైదానంలో రెండడుగుల లోతు గుంటలు తవ్వి, అడుగున ఎండిన చెరకు పిప్పో, మొక్కజొన్న కాడలో మందంగా పరిచి, వాటి మీద లోతు లేని మట్టి మూకుళ్లు వరసగా పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు పోసేవారు. తెల్లారేసరికి ఐసు. గాలి సున్నాకి దిగక్కర్లేదు. పెద్దవాళ్ల ఇళ్లలో వేసవి దాకా దాచుకున్నది ఈ ఐసే.

మేనల్లుడు ఇది చదివి, "మావయ్యా, అలహాబాదులో అయితే అమలాపురంలో ఎందుకవదు?" అన్నాడు. ప్రశ్న బాగుంది. మాటలతో కాకుండా మూకుడుతోనే జవాబు వెతుకుదామనుకున్నాం.


థర్మామీటర్లు

ముందు కొలత సరిగ్గా ఉండాలి. ఉష్ణోగ్రతకి డీఎస్18బీ20 అనే సెన్సర్లు తీసుకున్నాం. స్టీల్ గొట్టంలో బిగించి, నీళ్లలో ముంచినా పాడవకుండా వచ్చే రకం. గాలిలో తేమకి ఎస్‌హెచ్‌టీ31. అన్నిటినీ ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి కలిపి, పది నిమిషాలకొకసారి మెమరీ కార్డులోకి రాసేలా మేనల్లుడు ప్రోగ్రాం రాశాడు. చేలో వైఫై ఉండదు కాబట్టి కార్డే నయం.

ఈ సెన్సర్లకి కంపెనీ చెప్పే తేడా అర డిగ్రీ అటూ ఇటూ. మా పనికి అర డిగ్రీ చాలా ఎక్కువ. అందుకని ఐసు పరీక్ష పెట్టాం. శుభ్రమైన నీటితో చేసిన ఐసు గుడ్డలో చుట్టి, రోకలితో మెత్తగా నలగ్గొట్టి, ఫ్లాస్కు నిండా కూరి, సందులు నిండేంత వరకే నీళ్లు పోశాం. అందులో సెన్సర్లు కట్టగా కట్టి దింపి, కలుపుతూ పావుగంట ఆగితే అన్నీ సున్నా చూపించాలి. ఒకటి 0.31 దగ్గర, ఒకటి మైనస్ 0.19 దగ్గర, మిగతావి ఆ మధ్యలో నిలబడ్డాయి. ఏ సెన్సర్ ఎంత తేడా చూపిస్తోందో తెల్ల టేపు మీద రాసి దాని వైరుకే చుట్టాం. లెక్కలో ఆ తేడా తీసేస్తే అన్నీ ఒక్కటే మాట చెబుతాయి. ఇంట్లో వాతావరణ కేంద్రం పెట్టుకోవాలనుకునేవాళ్లు ఇంకేం చేసినా మానినా ఈ ఐసు పరీక్ష మాత్రం మానకండి.

గాలి ఉష్ణోగ్రతకి నీడ పెట్టె కావాలి. అసలైన స్టీవెన్సన్ పెట్టె తెల్ల రంగు వేసిన చెక్క రెక్కలతో ఉంటుంది. దాన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ స్కాట్లండ్‌లో లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజినీరు. వడ్రంగి చేత చేయిస్తే ఖర్చు ఎక్కువవుతుందని, పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్లాలు బోర్లించి, మధ్యలో పెద్ద రంధ్రం చేసి, వేలెడు సందుతో ఒకదాని మీద ఒకటి బోల్టు రాడ్లకి ఎక్కించాం. గాలి ఆడుతుంది, ఆకాశం మాత్రం సెన్సర్‌కి కనపడదు. నేల నుంచి నాలుగడుగులకి కాస్త పైన, సర్వీ కర్రకి బిగించాం.


ధనుర్మాసం మొదలు: దూది

మూకుళ్లు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద ప్రశ్న అయింది. కోనసీమలో ఇంటి చుట్టూ కొబ్బరే. తల ఎత్తితే మట్టలు కనిపిస్తాయి గానీ ఆకాశం ఎక్కడ? నేల వదిలే వేడిని మట్టలు పట్టుకుని మళ్లీ కిందకే పంపుతాయి.

దీన్ని కొలవడానికి 200 ఏళ్ల కిందటి ఉపాయం ఒకటి వాడాం. విలియం చార్లెస్ వెల్స్ అనే లండన్ డాక్టరు తోటలో రాత్రిపూట చిన్న చిన్న ఉన్ని ఉండలు పెట్టి, తెల్లారాక తూచి, ఎక్కడ ఎంత మంచు పడిందో కనిపెట్టాడు. 1814లో ఆయన రాసిన వ్యాసంతోనే, మంచు పైనుంచి కురిసేది కాదని, చల్లబడ్డ వస్తువు మీద గాలిలోని ఆవిరే నీరవుతుందని గట్టిగా తేలింది.

మేం ఉన్నికి బదులు దూది వాడాం. మందుల షాపు దూది గ్రాము చొప్పున తూచి, ఉండలు చేసి, చిన్న అట్టముక్కల మీద పెట్టాం. తూకానికి బంగారప్పని వాళ్లు వాడే చిన్న కాటా. కొబ్బరి చెట్ల కింద కొన్ని, చేను గట్టు మీద కొన్ని, రొయ్యల చెరువు గట్టు మీద కొన్ని, మేడ మీద కొన్ని.

పొద్దున్న ఐదున్నరకి వెళ్తే తేడా తూచక ముందే తెలిసిపోయింది. కొబ్బరి కింద దూది పొడిగా, పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. చెట్ల వరస దాటి నాలుగడుగులు వేస్తే గట్టు మీద గరిక తెల్లగా మెరుస్తోంది. ప్రతి ఆకు అంచునా వరసగా బొట్లు. దూది ఉండ పైభాగమంతా సన్నటి బిందువులు పట్టి నెరిసినట్టుంది, కింద అట్ట తడిసి మెత్తబడింది. కాటా మీద పెడితే 1.7 గ్రాములు. కొబ్బరి కింద ఉండ 1.05 దగ్గరే ఉంది. మేడ మీద ఉండ రెంటికీ మధ్య, 1.3. మేడ స్లాబు పగలు తాగిన ఎండని తెల్లవార్లూ వదులుతూనే ఉంటుంది.

రొయ్యల చెరువు గట్టు మీదది 1.9. అక్కడ రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి. ఆకాశం విశాలంగా కనపడుతుందని మేం ముందు ఆ గట్టే బాగుంటుందనుకున్నాం గానీ, తేమ చూశాక దాన్ని పక్కన పెట్టి బాబాయి చేనే ఖాయం చేశాం.

ఆ దూదిలో ఎక్కిన తేమ దగ్గర కాస్త ఆగాలి. మా ప్రాజెక్టు కష్టమంతా అందులోనే ఉంది. ఒక గ్రాము ఆవిరి నీరయ్యేటప్పుడు దాదాపు 2,500 జౌళ్ల వేడి వదులుతుంది. ఒక గ్రాము నీళ్లు ఐసు కావాలంటే తీసెయ్యాల్సిన వేడి 334 జౌళ్లు. అంటే మూకుడు మీద ఒక గ్రాము మంచు పడితే, ఏడు గ్రాముల ఐసు చెయ్యడానికి ఆకాశం లాక్కున్న వేడంతా తిరిగి వచ్చేసినట్టే. చలికాలంలో అలహాబాదు గాలి మన గాలి కంటే పొడి. మనకి మూడు వైపులా గోదావరి పాయలు, ఒక వైపు సముద్రం, మధ్యలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవలు, చెరువులు, దమ్ము చేసిన చేలు. నీళ్లు చల్లబడే లోపలే ఆవిరి వచ్చి వాటి మీద వాలిపోతుంది.


మొదటి మూకుళ్లు

కుమ్మరి దగ్గర మామూలు మట్టి మూకుళ్లు తెచ్చాం. లోతు అంగుళంన్నర. నీళ్లు మాత్రం వేలి గణుపు మునిగేంత పోశాం, తక్కువ నీళ్లయితే త్వరగా చల్లబడతాయి. బార్కర్ చెప్పినట్టే కాచి చల్లార్చాం.

నేల వేడి పైకి రాకుండా అడుగున ఏం వెయ్యాలన్నదానికి మూడు రకాలు పోల్చాం. ఒకటి ఎండుగడ్డి, జానెడు మందం. రెండోది కొబ్బరి డొక్కలు, బోర్లించి పేర్చినవి. మూడోది రొయ్యలు పంపించే థర్మోకోల్ పెట్టె. మూడూ పక్కపక్కనే ఒకే రాత్రి పెట్టాం. థర్మోకోల్, గడ్డి ఇంచుమించు సమానంగా పనిచేశాయి. డొక్కలు ఒక డిగ్రీ వెనకబడ్డాయి. డొక్క పీచు తేమని పీల్చుకుంటుంది, తడిసిన పీచు వేడిని ఆపలేదు. గడ్డి పొడిగా ఉన్నంతసేపే గడ్డి, అందుకని పగలు ఎండబెట్టి సాయంత్రం పరవాలి. ఈ పని మా పిన్ని తీసుకుంది. "మీ ఐసు సంగతేమో గానీ గడ్డి తడిస్తే నా గేదె తినదు" అని పొద్దున్నే తిరగేసేది.

ఆ రాత్రుల్లో గాలి 17 డిగ్రీలు, మూకుడులో నీళ్లు 15.5. అంతకన్నా దిగలేదు. పొగమంచు దిగిపోయేది. పొగమంచు అంటే గాలిలో తేలే నీటి బొట్లే కదా, ఆకాశానికి పోయే కిరణాలని అవి మింగేస్తాయి. గ్రాఫు చూస్తే తెల్లవారుజామున మూడింటి దాకా గీత కిందకి జారి, పొగమంచు పట్టిన దగ్గర్నుంచి బల్ల మీద గీసినట్టు సమానంగా ఆగిపోయింది.

మూకుడు మీద పల్చటి పాలిథిన్ బిగించి చూశాం. గాజు ఈ కిరణాలని ఆపేస్తుంది, పాలిథిన్ ఆపదు. గాలి తగలదు కాబట్టి ఇంకా చల్లబడాలి. కానీ తేమ ఉన్న రాత్రి పాలిథిన్ మీద మంచు పట్టేసింది. పల్చటి నీటి పొర కూడా ఆ కిరణాలని చాలావరకు ఆపేస్తుంది. తెర కిందది, తెర లేనిది ఒకే చోట నిలబడ్డాయి.


బాబాయి నారుమడి

ఇది ప్రాజెక్టులో లేదు, దానంతటదే వచ్చింది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారు పోసిన మడి మా మూకుళ్ల పక్కనే ఉంది. చలికి నారు ఎర్రబడి ఎదగడం లేదని బాబాయి బెంగ పెట్టుకున్నాడు.

"ఒరే అబ్బాయ్, మీ వైర్లు కాసిన్ని నా మడిలో కూడా పెట్టండ్రా. నీళ్లుంచితే మంచిదా, తీసేస్తే మంచిదా చెప్పండి" అన్నాడు.

రెండు సెన్సర్లు ఇటు మళ్లించాం. మడిలో ఒక మూల గట్టు కట్టి రెండంగుళాల నీళ్లు నిలిపాం. ఇంకో మూల బురద పదునుగా వదిలేశాం. నారు మొదలు దగ్గర, నేలకి ఆనించి సెన్సర్. తెల్లవారుజామున నీళ్లు నిలిపిన వైపు బురద వైపు కంటే రెండు డిగ్రీలకి పైగా వెచ్చగా ఉంది. చలి ఎక్కువైన రాత్రుల్లో ఆ తేడా మూడు దాటింది. పగలు మాత్రం తిరగబడింది. పొద్దున్న తొమ్మిది దాకా నీళ్ల వైపు చల్లగానే ఉండిపోయింది, బురద ఎండకి గబగబా వేడెక్కింది.

వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే మాట కూడా ఇదే. సాయంత్రం మడికి నీళ్లు పెట్టాలి, పొద్దున్న ఆ చల్లటి నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టాలి. రాత్రికి గోతాలో, పరదాలో కప్పగలిగితే ఇంకా మంచిది. బాబాయికి ఈ సలహా ఇదివరకే తెలుసు. కానీ గ్రాఫులో రెండు గీతలు అర్ధరాత్రి నుంచి విడిపోయి, ఎండెక్కాక ఒకదాన్నొకటి దాటడం చూసి, "ఆయ్, ఇది కనపడాలండి మనిషికి" అని ఫోను అందరికీ చూపించాడు. ఆ మర్నాటి నుంచి తెల్లారగానే బోదె తెరిచేది ఆయనే.

ఐసు కోసం మేం ఏ నీటితో పోట్లాడుతున్నామో ఆ నీళ్లే నారుకి కాపలా కాస్తున్నాయి. ఈ కొలత దొరికినందుకు నాకు మూకుడు మీద ఉన్నంత ఆశే ఈ మడి మీద కూడా పుట్టింది.


ముక్కోటి దాటాక: ఎదురుచూపు

మాకు కావలసిన రాత్రి ఎలా ఉండాలో ఈపాటికి తెలిసిపోయింది. మబ్బు ఉండకూడదు. పొగమంచు ఉండకూడదు. గాలి సముద్రం వైపు నుంచి కాకుండా, తెలంగాణ మీదుగా ఉత్తరం నుంచి రావాలి. మధ్య భారతం మీద గాలి ఒత్తిడి పెరిగి, అక్కడి పొడి చలి ఆదిలాబాద్, ఖమ్మం దాటుకుని గోదావరి లోయ వెంట దిగాలి. బంగాళాఖాతంలో ఏ అల్పపీడనమూ ఉండకూడదు, ఉంటే అది తేమని తోడుకొస్తుంది.

మేనల్లుడు రోజూ మ్యాపుల్లో చూసేది చలి కాదు, డ్యూ పాయింట్. గాలిలో ఆవిరి నీరవడం మొదలయ్యే ఉష్ణోగ్రత అది. 16 ఉన్నంతకాలం మూకుడు ఏం చేసినా 15 దగ్గరే ఆగిపోతుంది. 10కి దిగితే ఆటలో ఉన్నట్టు.

న్యూజెర్సీ అమ్మాయి అక్కడ తన మ్యాపు చూస్తూ, మాకు మన మ్యాపు చూసి పెట్టేది. మనకి అర్ధరాత్రి అయితే వాళ్లకి మధ్యాహ్నం. "మావయ్యా, రేపు గాలి తిరుగుతుంది, గడ్డి ఎండబెట్టించండి" అని ఒకసారి, "అల్పపీడనం లేచింది, ఆగండి" అని ఒకసారి మెసేజ్ పెట్టేది. స్నో కోసం కూర్చునేవాళ్ల పద్ధతే మేమూ పాటించాం. వారం ముందు మోడల్ చూపించే చలిని నమ్మేవాళ్లం కాదు, రెండు రోజుల్లోకి వచ్చాక కూడా నిలబడితేనే కదిలేవాళ్లం.

ఊళ్లోవాళ్లు చలిని తిట్టుకుంటుంటే మేం ఇంకా రమ్మని కోరుకుంటున్నాం. సంక్రాంతికి చలి చంకలెత్తనివ్వదంటారు. మాకు ఆ సామెత నిజం కావాలి. నరసాపురం, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో రాత్రి ఉష్ణోగ్రత మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పడిపోయి, 15కి గానీ అంతకన్నా కిందకి గానీ దిగితే వాతావరణ శాఖ చలిగాలులు అంటుంది. లోపలి మైదానాలకి ఆ హద్దు 10. మా ఊరు రెంటికీ మధ్య.


గాలి తిరిగిన రాత్రి

భోగికి కొన్నాళ్ల ముందు వచ్చింది. పగలే తెలిసింది. పెదాలు పొడిబారాయి, ఆరేసిన బట్టలు రెండు గంటల్లో ఆరిపోయాయి, కొబ్బరి మట్టలు దక్షిణానికి వంగి గలగలలాడాయి. సాయంత్రానికి డ్యూ పాయింట్ 11కి దిగింది. గాలి ఆడుతుంటే మూకుడికి కాస్త ఇబ్బంది, ఎందుకంటే కదిలే గాలి తన వెచ్చదనాన్ని నీళ్లకి అందిస్తూ ఉంటుంది. చీకటి పడ్డాక అది కూడా ఆగింది.

గుంట రెండడుగులు ముందే తవ్వి ఉంచాం. ఎండిన గడ్డి జానెడున్నర. మూకుళ్లు రెండు వరసలు, ఒక వరసకి పాలిథిన్, ఒకటి అలాగే. గుంట గట్టు మీద గోనె పరదా కట్టి ఏ కాస్త గాలీ రాకుండా చూశాం. టార్చి లైట్లు ఆర్పేశాక నక్షత్రాలు కొబ్బరి తలల దాకా కిక్కిరిసి కనిపించాయి. అంత స్పష్టంగా నేను మా ఊళ్లో చాలా ఏళ్ల తర్వాత చూశాను. క్లాస్‌మేట్ కుర్రాడు గంటకోసారి చదువుతుంటే నేను పుస్తకంలో రాశాను.

తొమ్మిదికి గాలి 18.6, నీళ్లు 16.9.

పదకొండుకి గాలి 16.4, నీళ్లు 13.1. పాలిథిన్ కింద 12.6.

ఒంటిగంటకి గాలి 14.9, నీళ్లు 10.8. పాలిథిన్ కింద 9.7. వేలు పెట్టి చూస్తే పాలిథిన్ మీద మంచు లేదు. మొదటిసారి అది పొడిగా ఉంది.

మూడింటికి గాలి 13.8, పాలిథిన్ కింద 8.0. బాబాయి దుప్పటి కప్పుకుని వచ్చి, మూకుడులో వేలు ముంచి, వెంటనే తీసేశాడు. "జివ్వుమందిరా" అన్నాడు.

ఐదింటికి గాలి 13.2, తెర లేని నీళ్లు 8.4, తెర కింద 6.9. అదే ఆఖరు. ఐదున్నరకి డ్యూ పాయింట్ కొద్దిగా పెరిగింది, పాలిథిన్ మీద ఆవిరి పట్టడం మొదలైంది, గీత పైకి తిరిగింది.

గాలి కంటే ఆరు డిగ్రీలు కింద. కోనసీమ చేలో, కరెంటు చుక్క లేకుండా, నీళ్లు ఏడు డిగ్రీల లోపలికి దిగాయి. ఫ్రిజ్ కింది అరలో మంచినీళ్ల సీసా కూడా సుమారు అంతే ఉంటుంది. ఆ నీళ్లు తలా ఒక గుటక తాగాం. మట్టి వాసన, పళ్లు జివ్వుమనే చలి. మేనల్లుడు వెంటనే అక్కకి వీడియో పెట్టాడు. ఆ అమ్మాయి స్నో పడ్డప్పుడు కూడా అంత కేక వెయ్యలేదు.


భోగి, కనుమ

భోగినాడు కొలతలు పక్కన పెట్టాం. వీధికో మంట, ఊరంతా పొగ, మా నీడ పెట్టె దగ్గరే పిల్లలు పిడకలు కాల్చారు. కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. ఆ నాలుగు రోజులూ గాలి తూర్పుకి తిరిగి తేమ మళ్లీ వచ్చింది.


లెక్క చూసుకుంటే

సరైన రాత్రి అయితే, పొడి గడ్డి, పాలిథిన్, గాలి ఆగిన గుంట కలిసి మాకు గాలి కంటే ఆరు, ఆరున్నర డిగ్రీలు కిందకి ఇస్తున్నాయి. నీళ్లు సున్నాకి దిగాలంటే గాలి ఆరున్నర దగ్గర ఉండాలి, డ్యూ పాయింట్ సున్నాకి దగ్గర్లో ఉండాలి. డెల్టాలో గాలి 13కి దిగడమే గొప్ప. అంటే ఇంకో ఏడు డిగ్రీలు కావాలి. ఆ ఏడు డిగ్రీలు పద్ధతి మార్చితే వచ్చేవి కావు, ఊరు మారితే వచ్చేవి.

ఎత్తుకి వెళ్తే గాలి కిలోమీటరుకి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. పైగా అక్కడ చల్లగాలి బరువెక్కి కొండల మధ్య పల్లానికి జారి నిలిచిపోతుంది. చలి ముదిరిన పొద్దున్న గడ్డి మీద గడ్డకట్టిన తెల్లటి మంచు కనిపించేది అందుకే. మా మూకుళ్లు అక్కడ పెడితే ఐసు కడుతుందని నాకు గట్టి నమ్మకం. మాఘమాసంలో చలి ఇంకోసారి విరుచుకుపడితే వెళ్లాలని మేనల్లుడి పట్టు. రెండు థర్మోకోల్ పెట్టెలు, ఆరు మూకుళ్లు, ఎండుగడ్డి మోపు ఒకటి, కారు డిక్కీలో పడతాయి. కొండ మీద గడ్డి దొరుకుతుంది గానీ తడిది, అందుకని మనదే పట్టుకెళ్లాలి.

నాకు మాత్రం ఇక్కడే ఒక పని మిగిలింది. తెర కిందున్న 6.9ని ఇంకో రెండు డిగ్రీలు దించొచ్చనిపిస్తోంది. పాలిథిన్ రెండు పొరలు, మధ్య అంగుళం సందు పెడితే లోపలి పొర మీద మంచు పట్టదు. గుంట గోడలకి కూడా గడ్డి కట్టాలి, తడి మట్టి పక్కనుంచి వేడి ఇస్తోంది. నీళ్లకి బదులు నల్లరంగు రేకు ముక్క పెట్టి అది ఎంత దిగుతుందో విడిగా చూడాలి. కోనసీమ ఆకాశం ఎంత వేడి లాక్కోగలదో దాంతో తేలుతుంది.

నారుమడి సెన్సర్లు తియ్యొద్దని బాబాయి ముందే చెప్పాడు. నారు ఊడ్చే వారం దాకా అవి అక్కడే ఉంటాయి. పక్క చేను ఆయన కూడా అడిగాడు. ఈసారి నాలుగు సెన్సర్లకి ఆర్డర్ పెట్టాం. రాగానే ముందు ఫ్లాస్కులో ఐసు నలగ్గొట్టాలి.